బ్యాండికూట్‌లో ‘బ’ ఎక్కడిది?

కోవూరు: రెండోసారి అన్నం అడిగితే మా అవ్వ ‘గాదె కింద పందికొక్కు’ అనేది. నిన్న పొలం గట్టు మీద బొరియ చూడగానే ఆ మాట గుర్తొచ్చింది. ఇంగ్లీషు బ్యాండికూట్ మన పందికొక్కే, అది సరే. చివర ‘క్కు’ పోయి ‘ట్’ ఎట్లా వచ్చింది?

కావలి: చివర తర్వాత చూద్దాం, ముందు ‘ప’ ఎందుకు ‘బ’ అయింది? సరళాదేశం! మాట చివరి ‘న్’ తర్వాత క, ప లాంటివి మెత్తబడి గ, బ అవుతాయే, అదే. ఏ మున్షీయో దొరకు ‘గాదెలోఁ బందికొక్కు’ అని చదివి వినిపించి ఉంటాడు.

ఒంగోలు: కర్రతో ఎలుకను తరిమేవాడు అరసున్న పలుకుతాడా అన్నా? అరవం రాతలో ప, బ రెండూ ఒకే అక్షరం. మద్రాసులో మారి ఉంటుంది.

కావలి: అరవంలో దాని పేరు పెరుచ్చాళి. మాట తెలుగేనని ఇంగ్లీషులో చేరిన మన దేశపు మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ 1886లోనే రాసింది.

పొదిలి: ‘పంది’ ఊరికే రాలేదు. మా గడ్డివామి దగ్గర మూలకు తరిమితే పందిలాగే గుర్రుమని తిరగబడింది, నేనే వెనక్కి దూకాను. ఆస్ట్రేలియా బ్యాండికూట్ అసలు ఎలుకే కాదు, సంచిలో పిల్లల్ని మోసే జంతువు. పేరు మాత్రం మన పందికొక్కుదే.

నెల్లూరు: సరళాదేశం అన్నారు కాబట్టి చెప్తున్నా. తిక్కన ద్రౌపది చేత ‘బ్రాణముం గొనుట తథ్యం బెమ్మెయిం గీచకా’ అనిపించాడు. చిన్న ముక్కలో మూడు సరళాలు! అక్షరం మెత్తబడ్డా తిట్టు మెత్తబడలేదు. పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒకడు లేచి ‘గీచకుడెవరు సార్’ అనేవాడు. పెన్న ఒడ్డువాడు, 15 పర్వాలు రాశాడంటే మాటలా!

ఒంగోలు: నన్నయ వదిలేసిన అరణ్యపర్వం పూర్తి చేసింది మా ఎర్రన, మేష్టారూ. మధ్యలో ఆ వంతెన లేకపోతే మీ విరాటపర్వానికి ఎట్లా పోతారు?

సూళ్లూరుపేట: ‘ట్’ సంగతి నేను చెప్తా. ఇంగ్లీషులో కూట్ అని తెల్లముక్కు నల్లపక్షి ఉంది, మా పులికాట్‌లో కనిపిస్తుంది. దొర చెవికి ‘కొక్కు’ కొత్త, ‘కూట్’ పాత చుట్టం.

కావలి: ఎలుకకూ నీటిపక్షికీ చుట్టరికమా! మా మున్షీయే నయం.

కోవూరు: మేష్టారూ, ‘ట్’ గురించి మీరేమంటారు?

నెల్లూరు: ‘ట్’ రేపు చూద్దాం అబ్బయ్యా. ఆ పద్యం ‘దుర్వారోద్యమ బాహువిక్రమ’ దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ముక్క ఎవరికైనా నోటికొచ్చా?