బీపీ బిళ్ళలు: ఊళ్ళో రాసినవీ బెంగళూరులో రాసినవీ కలిపి వేసుకోవచ్చా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
అమ్మకు 66 ఏళ్ళు, సుగర్ లేదు. ఒంగోలులో పొద్దున టెల్మా 40, రాత్రి అమ్లాంగ్ 5 వాడేది. ఇక్కడ చూపిస్తే డాక్టరు గారు పొద్దున ఒకటి చొప్పున టెల్మా-ఏఎమ్ రాశారు. పాతవి ఆపమని చీటీలో లేదు కదా అని మూడూ వేసుకుంటోంది. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయట, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి ఎసిక్లోఫెనాక్ తెచ్చుకుంటుంది. వారానికి సరిపడా బిళ్ళలు డబ్బాలో సర్దుదామనుకుంటున్నాను. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

జవాబు (ఫార్మసిస్టు, జయనగర్):
డబ్బా తర్వాత చూద్దాం. ముందు ఈ పూటే ఆ డాక్టరు గారికి ఫోన్ చేసి మూడూ వేస్తున్న సంగతి చెప్పండి. మందు రెట్టింపు పడుతోంది. టెల్మా 40లో ఉన్నది టెల్మిసార్టన్ 40 మి.గ్రా., అమ్లాంగ్ 5లో ఉన్నది అమ్లోడిపిన్ 5 మి.గ్రా. టెల్మా-ఏఎమ్ ఈ రెండూ కలిపిన బిళ్ళే. అంటే రోజుకు టెల్మిసార్టన్ 80, అమ్లోడిపిన్ 10 వెళ్తున్నాయి. మామూలుగా బీపీకి ఇచ్చే మోతాదుల్లో రెండిటికీ అదే పైహద్దు. మెల్లగా పెంచి అక్కడిదాకా తీసుకెళ్ళాల్సిన మందు ఒక్కసారిగా పడితే కళ్ళు తిరగక ఏం చేస్తాయి? పాత రెండిటికి బదులుగా ఒకటే రాసినట్టుంది, కానీ ఆ మాట ఆయన నోట వినండి.

స్ట్రిప్ మీద పెద్దక్షరాల పేరు కంపెనీది. దాని దగ్గరే చిన్నక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు, మి.గ్రా. లెక్క. ఊరు మారినా, షాపు మారినా, జనఔషధిలో కొన్నా పోల్చుకోవాల్సింది ఆ చిన్నక్షరాలే. మాట తేలాక పాత స్ట్రిప్పులు ఇంట్లో కనపడకుండా తీసేయండి.

డబ్బా విషయం: టెల్మిసార్టన్ తేమ పీల్చుకుంటుంది. ముందుగా విప్పి సర్దితే, అందులోనూ ఇక్కడి వానల్లో, బిళ్ళ మెత్తబడి పాడవుతుంది. స్ట్రిప్‌ను కత్తెరతో గళ్ళుగా కత్తిరించి, రేకుతో సహా పెట్టండి. వేసుకునేటప్పుడే విప్పాలి.

జవాబు (జనరల్ ఫిజీషియన్, ఇందిరానగర్):
నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఆ ఎసిక్లోఫెనాక్. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఆ జాతివే. ఇవి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీ పెంచుతాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. రెండూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. దానికి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బిళ్ళ, అదే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటిది, తోడైతే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరగడానికి ఎక్కువ రోజులు పట్టదు. మోకాళ్ళకు పారాసిటమాల్ గానీ పైపూత గానీ డాక్టరును అడిగి వాడండి. నీళ్ళలో వేస్తే బుసబుసలాడే పారాసిటమాల్ మాత్రం వద్దు, అందులో సోడియం ఎక్కువ. ముక్కుదిబ్బడకిచ్చే జలుబు బిళ్ళల్లో ఫెనిలెఫ్రిన్ ఉందేమో చూడండి, అదీ బీపీని పెంచేదే. దగ్గుకు అతిమధురం రోజూ చప్పరించే అలవాటుంటే మానిపించండి.

పాదాల వాపు చాలావరకు అమ్లోడిపిన్‌దే అయ్యుండాలి, మోతాదు పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది. సన్న రక్తనాళాలు వెడల్పయి నీరు చుట్టూ ఊరడం వల్ల వస్తుంది కాబట్టి ఒంట్లో నీరు తీసే లాసిక్స్ బిళ్ళ వేసినా పెద్దగా తగ్గదు, మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది. ఒక కాలే వాచినా, ఆయాసం ఉన్నా సంగతి వేరు, వెంటనే చూపించాలి.

లో-సోడియం ఉప్పు కొంటున్నారా? అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్ కూడా పొటాషియం పెంచుతుంది, అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. మామూలు ఉప్పే వాడి, అన్నీ కలిపి రోజుకు చెంచాడు దాటకుండా చూడండి. ఆవకాయ, అప్పడం ఆ చెంచాలోకే వస్తాయి. ఒకసారి క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్ష చేయించండి.

మళ్ళీ అడిగినవారు:
ఫోన్ చేశాను. పాత రెండూ ఆపి, టెల్మా-ఏఎమ్ ఒక్కటే వేయమన్నారు. బీపీ బిళ్ళ రాత్రి వేస్తేనే మంచిదంటారు, నిజమేనా? మర్చిపోతే? బీపీ నార్మల్‌కు వచ్చింది కాబట్టి ఇక మానేస్తానంటోంది.

జవాబు (ఫిజీషియన్):
2022లో ల్యాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 21 వేల మందికి పైగా పరిశీలిస్తే గుండెపోటు, పక్షవాతం విషయంలో పొద్దున వేసినవాళ్ళకూ రాత్రి వేసినవాళ్ళకూ తేడా కనపడలేదు. మర్చిపోని వేళే మంచి వేళ. మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేయండి. మర్నాటి బిళ్ళకు వేళైతే వదిలేయండి, రెండు కలిపి మాత్రం వద్దు.

నార్మల్‌కు తెచ్చింది ఆ బిళ్ళే. మానితే కొన్నాళ్ళకు మళ్ళీ ఎక్కుతుంది. మెటోప్రొలాల్, క్లోనిడిన్ లాంటి వేరే బీపీ మందులైతే ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదం.

ఇంట్లో బీపీ చూసే పద్ధతి: అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టండి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కట్టకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పొద్దున బిళ్ళకు ముందు, సాయంత్రం ఒకసారి, ఏడు రోజులు రాసి, మొదటి రోజువి తీసేసి సగటు కట్టండి. 135/85 దాటితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. కళ్ళు తిరగడం తగ్గకపోతే లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో కూడా చూడండి. పై అంకె 20 పడిపోతే అదీ చెప్పాలి.

వ్యాఖ్య (బీటీఎం లేఅవుట్):
బీపీ బాగా ఎక్కితే నిఫెడిపిన్ క్యాప్సూల్ పొడిచి నాలుక కింద వేసేవాళ్ళు. ఒకటి ఇంట్లో ఉంచుకోమనండి.

జవాబు (ఫార్మసిస్టు):
వద్దండీ. బీపీ ఎంత పడుతుందో చేతిలో ఉండదు, పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలున్నాయి. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారటం ఏదున్నా 108కి చేయండి. ఏ బాధా లేకపోతే కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసి, డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇంకొకటి: వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టన్ వేసేముందు డాక్టరును అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు దాన్ని ఒకటి రెండు రోజులు ఆపమనొచ్చు, తేరుకున్నాక ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆ ఫోన్‌లోనే కనుక్కోండి.