థైరాయిడ్ మాత్రతో పాటు అశ్వగంధ వాడొచ్చా?

నాకు హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం) ఉందని తెలిసి రెండేళ్లయింది. అప్పుడు టీఎస్‌హెచ్ (రక్తపరీక్షలో చూసేది, థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఇది పెరుగుతుంది) 11. లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటున్నాను, ఇప్పుడు 3.8కి దిగింది. రిపోర్టు ప్రకారం అంతా నార్మలే. ఒంట్లో మాత్రం నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం అలాగే ఉన్నాయి.

ఈమధ్య ఒక ఆయుర్వేద డాక్టర్‌ని కలిశాను. జఠరాగ్ని (అరుగుదల శక్తి) మందగించి కఫం పెరగడం వల్లే ఇదంతా అని చెప్పి కాంచనార గుగ్గులు, అశ్వగంధ చూర్ణం రాశారు. ఆయన చెప్పిన లక్షణాలు నాకు అచ్చంగా సరిపోయాయి, అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను. పాత మాత్ర ఆపమని ఆయనా అనలేదు, నేనూ ఆపను.

నా టెన్షన్ అశ్వగంధ గురించే. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చంటారు కదా, మాత్రతో కలిస్తే డోసు ఎక్కువైనట్టయి గుండెదడ వస్తుందా? రెండూ వాడినవాళ్లు మధ్యలో ఎన్ని గంటలు ఎడం ఇచ్చారు? టీఎస్‌హెచ్ మళ్లీ 6 వారాలకు చూపించుకుంటే సరిపోతుందా?

మాత్ర రాసిన డాక్టర్‌కి ఇంకా చెప్పలేదు, తిడతారేమోనని. మీరెలా చెప్పారు? మంచైనా చెడైనా మీ అనుభవం రాయండి. "మాత్ర మానేశాను, నయమైపోయింది" లాంటి సలహాలు మాత్రం వద్దండీ.