సమస్యాపూరణం: నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు (నల్లగొండ):
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం.

నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

మొదటి మూడు పాదాలు మీవి. ప్రాస అక్కర్లేదు కాబట్టి కొత్తవాళ్ళు కూడా జంకు లేకుండా దిగొచ్చు. 'బ్లే'కి ముందున్న 'చె' గురువు కాదా అని అడిగేవాళ్ళకు ముందే చెప్తున్నా. రెండూ వేరు వేరు పదాలు, సమాసం కాదు, తేల్చి పలుకుతాం. లఘువే. దీని మీద పోయినసారిలా యాభై కామెంట్లు వద్దు.

విషయం అందరికీ తెలిసిందే: ఒక్క బ్లేడుతో ఎన్నిసార్లు గడ్డం గీసుకోవచ్చు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో పూర్వం కవులు పద్యం చెప్పి శాలువాలు కప్పించుకున్నారు. మనం పద్యం చెప్పి ఒక బ్లేడు మిగుల్చుకుందాం. షరతు ఒకటే. గణం, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) నిలవాలి, బ్లేడు సంగతీ నిజమై ఉండాలి. పద్యాన్ని నమ్మి అద్దం ముందు నిలబడ్డవాడి చెంప తెగకూడదు.

సూర్యాపేట మాస్టారు:

స్నానమాడి పిదప చక్కగా గడ్డంబు
మెత్తబడగ గీయ మేలు కలుగు
తడిని తుడువకున్న తగులును తుప్పురా
నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు:
బోణీ బాగుంది మాస్టారూ. సమస్యలో ఉన్న చిక్కే ఇది: గీసే ముందు నీరు చుట్టం, గీసిన తర్వాత పగ. దాన్ని మూడు పాదాల్లో తేటగా విడదీశారు. 'స్నా'కు 'చ' యతి కూడా సరిపోయింది. నా అభ్యంతరం 'తుడువకున్న' దగ్గర. బ్లేడును తువ్వాలుతో తుడిస్తే పోయేది తడి ఒక్కటే కాదు, అంచు కూడా. గుడ్డ పోగుల రాపిడికి ఆ సన్నని అంచు దెబ్బతినొచ్చు. పద్యం చదివి ఎవరైనా బొటనవేలితో తుడిస్తే వేలు కూడా పోతుంది. 'తడిగ విడిచిపెట్ట తగులును తుప్పురా' అంటే గణాలు చెడవు, మాటా నిలుస్తుంది. కడిగి, రెండుసార్లు విదిలించి, గాలికి ఆరనిస్తే చాలు.

సూర్యాపేట మాస్టారు:
సవరణ శిరోధార్యం. అయితే స్టెయిన్‌లెస్ బ్లేడుకు తుప్పేమిటి అని మా అబ్బాయి వెక్కిరిస్తున్నాడు. వాడికేం చెప్పాలి?

భువనగిరి లెక్చరర్:
సార్, అబ్బాయి సగం కరెక్ట్. 1960ల్లో స్టెయిన్‌లెస్ బ్లేడ్లు బజారులోకి రాకముందు వాడినవి మామూలు కార్బన్ ఉక్కువి, తడి తగిలితే తొందరగా ఎర్రబడేవి. ఇప్పటివాటికి తుప్పు తక్కువ, కానీ అసలు లేకపోలేదు. అంచు అంత సన్నగా ఉన్నచోట కంటికి కనపడని మచ్చ కూడా ముఖానికి తెలుస్తుంది.

ఇంకో మాట. 2020లో ఎం.ఐ.టి. పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక పేపరు వేశారు. ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది, మరి బ్లేడు ఎందుకు మొండిబారుతుంది అని చూశారు. అంచు అరిగి గుండ్రబడటం ఒక్కటే కారణం కాదట, పెచ్చులు లేస్తుందట. వెంట్రుక నిటారుగా నిలబడక వంగి, అంచును పక్కవాటుగా ఒత్తినప్పుడు, ఉక్కు లోపల అల్లిక సమంగా లేనిచోట సన్న పెచ్చు ఊడుతుంది. కాబట్టి మాస్టారి పద్యంలో మొదటి రెండు పాదాలకే నా ఓటు. నానిన వెంట్రుకను కోయడానికి బలం తక్కువ చాలు. మనవాళ్ళు ఆరబెట్టడం గురించి గంటలు మాట్లాడతారు గానీ గడ్డం నానబెట్టేది అరనిమిషమే.

నిర్వాహకుడు:
ఈ కామెంటుకు పద్యంతో సమానంగా మార్కులు.

మిర్యాలగూడ నుంచి, రైసుమిల్లు గుమాస్తా:

పాత బ్లేడె చాలు బ్లేడు కొత్తది యేల
ఆరబెట్టి దాని నరుగు మీద
మరల గీయవచ్చు మాసము దాకను
నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు:
మూడు దెబ్బలున్నాయి, కోపం తెచ్చుకోకండి. మొదటి పాదంలో 'పా'కు 'బ్లే' యతి వేశారు. హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. 'ఆ'కు 'ఏ' మైత్రి లేదు. 'పాత బ్లేడె చాలు పైసలు మిగులును' అనండి, యతి నిలుస్తుంది, మీ మనసులో మాటా బయటపడుతుంది. రెండోది, అరుగు మీద బ్లేడు ఆరబెట్టడం. ఇంట్లో పిల్లలు లేరా అన్నా? మూడోదే పెద్దది. నీరు చెరిచిందని ఆరబెట్టడం ద్వారా చెప్పకనే చెప్పారు, సరే. నీరు కాచిందని ఎక్కడ? సమస్య పాదంలో సగం గాలిలో వేలాడుతోంది. పూరణ అంటే పైన మూడు పాదాలు రాసి కింద సమస్య అతికించడం కాదు కదా.

నెల సంగతి: రోజూ గీసుకునేవారికి, వారానికి రెండుసార్లు గీసుకునేవారికి నెల ఒకటి కాదు. గడ్డం గట్టిదా మెత్తదా అన్నదీ ఉంది. లెక్క కంటే చెంపనే అడగాలి. బ్లేడు కోయడం మాని లాగడం మొదలుపెట్టిన రోజు దాని పని అయిపోయినట్టే. ఆ తర్వాత గీసుకోవడం పొదుపు కాదు, పంతం.

భువనగిరి లెక్చరర్:
గుమాస్తా గారిని ఒక్కరినే అనకండి సార్. వాడి పారేసే బ్లేడును బజారుకు తెచ్చిన కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు కూడా మొదటి ఏడాది, 1903లో, అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంటే రేజరుకు నాలుగు బ్లేడ్లు కూడా పడలేదు. మొదటి గిరాకీలు మిర్యాలగూడ వాళ్ళే అయి ఉంటారు!

మిర్యాలగూడ గుమాస్తా:
నవ్వండి నవ్వండి. రేపు సరిచేసిన పద్యంతో వస్తా. ఇంతకీ అట్టతో పిరమిడ్ చేసి దాని కింద పెడితే బ్లేడుకు పదును తిరిగొస్తుందని వాట్సాప్‌లో చూశాను, నిజమేనా?

భువనగిరి లెక్చరర్:
చెకోస్లొవేకియాలో కారెల్ డ్రబల్ అనే ఇంజినీరు దాని మీద 1959లో పేటెంటు కూడా తీసుకున్నాడు. పేటెంటు వచ్చిందంటే పని చేస్తుందని కాదు. ఊడిన పెచ్చును అట్టముక్క తిరిగి అతికించలేదు. మీ అరుగే నయం, కనీసం ఎండ తగులుతుంది.

మునుగోడు నుంచి, స్కూలు టీచరమ్మ:

కృష్ణ నీట సబ్బు గిన్నెడు నురుగిచ్చె
బోరు నీట నురుగు పుట్టదాయె
అంచు మీద సున్న మద్దెను తెల్లగా
నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు:
అమ్మా, ఇది మన జిల్లా పద్యం. కాచిన నీరు ఒకటి, చెరిచిన నీరు ఒకటి అని రెండుగా చీల్చి సమస్యలో వైరుధ్యాన్ని ఒక్క దెబ్బతో తీసేశారు. 'సున్న మద్దెను' దగ్గర సంధిలోని 'అ'కు యతి చెల్లించడం చేయి తిరిగినవాళ్ళ పని. బోరు నీళ్ళతో గీసుకుని ఆరబెట్టిన బ్లేడును వెలుతురుకు పట్టి చూస్తే అంచు పొడవునా తెల్లటి పొర సన్నగా కనిపిస్తుంది. ఆ పొరను గోటితో గీకబోయి అంచు పాడుచేసుకునేవాళ్ళూ ఉన్నారు. చివరగా ఒకసారి కాచి చల్లార్చిన నీళ్ళలోనో, మిషన్ భగీరథ నల్లా నీళ్ళలోనో ముంచి తీస్తే ఆ పొర అంత పట్టదు.

దేవరకొండ మిత్రుడు:
ఫ్లోరైడ్ అనే మాట పెట్టి ఉంటే పద్యం ఇంకా గట్టిగా తగిలేది కదా?

భువనగిరి లెక్చరర్:
పెట్టకపోవడమే మంచిదైంది. సబ్బు నురగ రాకపోవడానికి కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది. ఫ్లోరైడ్ ఎముకలకు, పళ్ళకు చేటు చేసింది, నురగకు కాదు. మన జిల్లా బాధలన్నీ దాని మీదికి నెట్టడం అలవాటైపోయింది. ఇంకో తమాషా: నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడం. కటింగ్ షాపులో గీత పడ్డచోట రాసేదీ పటికే, కాకపోతే అది వేరే రకం పటిక.

పాలమూరు యూనివర్సిటీ విద్యార్థి:
పెద్దల మధ్య చిన్నవాడి సాహసం.

దినము గీసినపుడు తిప్పలు బ్లేడుకు
తడిసి తడిసి తుప్పు తగిలె నాడు
పిల్ల కాదనంగ పెరిగె గడ్డమదె క
న్నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు:
తమ్ముడూ, చప్పట్లు! మూడో పాదం చివర 'క' తగిలించి నీటిని కన్నీరు చేశావు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు బిత్తరపోయేది ఇలాంటి విరుపుకే. ప్రేమ చెడితే గడ్డం పెరుగుతుంది, గడ్డం పెరిగితే బ్లేడు మిగులుతుంది! 'క' తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి అది గురువై గణం కూడా సరిపోయింది. ఒక్క బ్లేడు ఎక్కువ రోజులు రావాలంటే అసలు గీసుకోకపోవడమే మార్గం అన్నావు. పొదుపులో నిన్ను మించినవాడు ఈ చర్చలో లేడు. షరతు ప్రకారం మాత్రం ఇది తప్పించుకోవడమే. బ్లేడు సంగతి ఇందులో తుప్పు వరకే ఉంది. ఆ అమ్మాయి మనసు మారితే మళ్ళీ రాయి.

కొల్లాపూర్ అక్క:

కొలిమిలోన కాల్చి కొట్టిన యినుమును
ముంచె నీట తాత, ముదిరె పదును
చూరు క్రింద నుంచ జోరున తడిసెను
నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు:
'ముంచె నీట తాత, ముదిరె పదును.' ఈ పాదం ఒక్కదానికే బహుమతి ఇవ్వాలనిపించింది. కాలిన ఇనుము నీళ్ళలో చుయ్యిమనడం వినపడింది. కానీ అక్కా, తాత చేసింది కత్తి. సమస్యలో ఉన్నది బ్లేడు. పై మూడు పాదాల్లో దాని జాడ లేదు. 'తాత కత్తి, మనవడి బ్లేడు' అని ఎక్కడో ఒక ముడి వేసి ఉంటే మొదటి స్థానం మీదే.

కొల్లాపూర్ అక్క:
మా ఇంట్లో తాత కత్తి ముందు మీ బ్లేడును ఎవరూ లెక్కలోకి తీసుకోరు లెండి.

జడ్చర్ల నుంచి, కటింగ్ షాపు నడిపే మిత్రుడు:
సార్లందరికీ నమస్తే. నేను పద్యాలు కొత్తగా నేర్చుకుంటున్న. మా షాపులో బ్లేడు పొదుపు లేదు. కాగితంతోనే బ్లేడును మధ్యకు విరిచి, సగం ముక్క హ్యాండిల్‌లో పెడతం, ఒక గిరాకీ లేవగానే పడేస్తం. ఒకరి రక్తం ఇంకొకరికి తగిలితే హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి భయం ఉంటది. అందుకే మీరు ఇంట్ల ఎన్నిసార్లన్నా వాడుకోండి, కానీ ఎవరి బ్లేడు వాళ్ళదే, అన్నదమ్ములైనా సరే. ఒత్తి గీకొద్దు. హ్యాండిల్ బరువు చాలు. వెంట్రుక వాలు చూసుకొని మొదటి గీత కిందికే తీయాలె. వాడిన బ్లేడును చెత్తబుట్టల వేయకుండా డబ్బాల వేసి మూత పెట్టండి, మున్సిపాలిటీ వాళ్ళ చేతులు తెగుతున్నయి. నా పద్యం:

వేడి నీటి గుడ్డ వేయగ గడ్డంబు
నాని లొంగె, బ్లేడు నవ్వుకొనియె
గీసి కడిగి విడువ గిన్నెలో తడితోనె
నీరె కాచె బ్లేడు నీరె చెరిచె

నిర్వాహకుడు:
అన్నా, కొత్తగా నేర్చుకుంటున్నానని ఇకమీదట అనకు. యతులు చూడండి: వే–వే, నా–న, గీ–గి. ఎక్కడా సాగదీత లేదు. 'గడ్డంబు నాని లొంగె' అని పాదం విరిగినచోటే ఆగి చదివితే గడ్డం నానడానికి పట్టే సమయం కూడా పద్యంలో ఉన్నట్టుంటుంది. 'బ్లేడు నవ్వుకొనియె' అన్నది పనిచేసే చేతికి మాత్రమే తట్టే మాట. నవ్విన బ్లేడు మూడో పాదంలో గిన్నెలో పడి ఏడ్చింది, కానీ ఏడ్చిందని కవి చెప్పలేదు. 'తడితోనె'లో 'ఏ' కుదించడాన్ని ఎవరైనా తప్పు పడితే, సమస్యలో 'నీరె' అని నేనే దారి చూపించాను, ఆ తప్పు నా ఖాతాలో రాయండి.

సూర్యాపేట మాస్టారు:
ఒప్పుకుంటున్నాను. నేను మేలు కలుగునన్నాను, ఆయన ఆ మేలు చూపించాడు.

మిర్యాలగూడ గుమాస్తా:
నా సవరణ రేపు కాదు, ఇప్పుడే. 'పాత బ్లేడె చాలు పైసలు మిగులును, వేడి నీట నాన్చి వెనుక గీయ.' మిగతాది భోజనం చేసి.

నిర్వాహకుడు:
'వే'కు 'వె' చక్కగా పడింది. నీరు కాచిన సంగతీ వచ్చింది. అరుగు ఎగిరిపోయింది, సంతోషం. ఈ వారం మొదటి స్థానం జడ్చర్లకు, విరుపుకు ప్రత్యేక మెప్పు పాలమూరు తమ్ముడికి, మునుగోడు అమ్మ పద్యం మా బోరు పక్కన గోడ మీద రాయించుకుంటాను.

లెక్చరర్ గారు పటిక మాట ఎత్తారు కాబట్టి వచ్చేవారానికి, మళ్ళీ ఆటవెలదే:

పటిక కలిపి వండె పాయసమ్ము

పటికబెల్లం దారి అందరికీ మొదటే తడుతుంది. అది తప్ప ఇంకేదైనా రాయండి.