48 వోల్టుల నుంచి 12కి బక్ కన్వర్టర్: 25 ఆంప్స్ దాటితే మాస్‌ఫెట్ పేలిపోతోంది

ఆటోనగర్‌బెంచ్:
అన్నలూ, మాది విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీ ఆటోల వైరింగ్ పని. ఒక ప్రచారం ఆటోకి మైకు సెట్టు, లైట్లు కలిపి 12 వోల్టుల్లో 30 ఆంప్స్ కావాలన్నారు. ఉన్నవి సిరీస్‌లో నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఒక్కదాని నుంచే లాగితే అది ముందు దిగిపోయి మిగతా మూడింటినీ చెడగొడుతుందని బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) సొంతంగా కట్టా. 100 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి లక్షసార్లు ఆన్-ఆఫ్ అయ్యే స్విచ్చుగా 60 వోల్టుల మాస్‌ఫెట్, షాట్కీ డయోడ్, పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లోంచి పీకిన పసుపు రింగు మీద చుట్టిన కాయిల్. 10 ఆంప్స్ దాకా బంగారం. 25 దాటించానా, పది నిమిషాల్లో ఢాం. ఇప్పటికి నాలుగు పోయాయి. డూప్లికేట్ సరుకు అంటగట్టారంటారా?

రాగితీగ:
సరుకు సంగతి తర్వాత, ముందు ఆ పసుపు రింగు తీసెయ్ తమ్ముడూ. అది ఇనప పొడి కోర్, 100 కిలోహెర్ట్జ్ దగ్గర అంత రిపుల్ (కరెంటు హెచ్చుతగ్గు) పడితే కాగిపోతుంది, పైగా కరెంటు పెరిగేకొద్దీ ఇండక్టెన్స్ పడిపోయి ఆ దెబ్బంతా మాస్‌ఫెట్ మీదికొస్తుంది. డ్యూటీ (స్విచ్ ఆన్‌లో ఉండే వాటా) పావు వంతు, అంటే ఆన్ టైమ్ 2.5 మైక్రోసెకన్లు, కాయిల్ మీద 36 వోల్టులు. రిపుల్ 9 ఆంప్స్ అనుకుంటే 10 మైక్రోహెన్రీ చాలు. 30 మీద సగం రిపుల్ కలిపి పీక్ 34.5 వస్తుంది కాబట్టి 40 దగ్గర కూడా సాచురేట్ కాని (ఇండక్టెన్స్ కుప్పకూలని) గ్యాప్ ఫెరైట్ కోరో, సెండస్ట్ కోరో తీసుకో. ఒక్క లావు తీగ వద్దు, సన్న తీగలు మెలేసి చుట్టు.

గుంటూరుసోల్డర్:
60 వోల్టుల మాస్‌ఫెట్ ఏంటి స్వామీ! ఛార్జింగ్‌లో ఆ బ్యాటరీలే 57, 58 దాకా పోతాయి, దాని మీద రింగింగ్ స్పైకు (స్విచ్ అయ్యేటప్పుడు ఎగిసే వోల్టేజీ) ఉండనే ఉంది. 100 వోల్టులది వేయండి. డయోడ్ ముప్పావు వంతు టైము 30 ఆంప్స్ మోస్తుంది, 0.6 డ్రాప్ వేసుకున్నా 13 వాట్లకి పైనే వేడి, అదీ మన రోహిణి కార్తెలో. దాని బదులు 3 మిల్లీఓమ్‌ల మాస్‌ఫెట్ పెట్టి సింక్రనస్ చేస్తే (డయోడ్ పని దాంతో చేయిస్తే) 2 వాట్లే, డెడ్ టైమ్ (రెండూ ఒకేసారి ఆన్ కాకుండా మధ్యలో విరామం) మాత్రం మర్చిపోవద్దు. ఇన్‌పుట్ కెపాసిటర్ ఎన్ని పెట్టారు? అక్కడ 13 ఆంప్స్ ఆర్‌ఎంఎస్ తిరుగుతుంది.

ఆటోనగర్‌బెంచ్:
ఒకటే అన్నా, 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, జానెడు వైరుతో.

గుంటూరుసోల్డర్:
దొరికింది దొంగ. ఆ జానెడు వైరే మీ స్పైకు. మాస్‌ఫెట్ కాళ్ళ పక్కనే సెరామిక్‌లు, ఫిల్మ్‌లు నాలుగైదు పేర్చండి, తర్వాత ఎలక్ట్రోలిటిక్‌లు ఒకటికి మూడు.

రాగితీగ:
ఇంకోటి, బ్యాటరీ వైపున్న మాస్‌ఫెట్ షార్ట్ అయితే 48 వోల్టులూ సరాసరి మైకు సెట్టులోకే పోతాయి. ఇన్‌పుట్‌లో ఫ్యూజు, అవుట్‌పుట్‌లో క్రోబార్ (వోల్టేజీ పెరిగితే షార్ట్ చేసి ఫ్యూజు కొట్టించేది) లేకుండా ఆటో ఎక్కించకు.

ఆటోనగర్‌బెంచ్:
20 ఆంప్స్ మీద రెండు నిమిషాలు నడిపి రింగు ముట్టుకున్నా, వేలు చురుక్కుమంది. కోర్ ఆర్డర్ పెట్టా. పాపం, కొట్టాయన్ని ఊరికే తిట్టుకున్నా.