బడ్డీ సినిమాకి మార్కులేసేముందు 'రా' ఎవరు ఎవర్ని అంటున్నారో చూస్తారా?

మొన్న గ్రూపులో బడ్డీ మూవీని, అంటే స్నేహం చుట్టూనే నడిచే సినిమాని, తెలుగులో ఏమనాలని చర్చ నడిచింది కదా, ఎవరో జోడీ సినిమా అన్నారు, జోడీ అంటే మనకి హీరో హీరోయినే గుర్తొస్తారు, అది వదిలేయండి. నా గొడవ వేరే. రివ్యూల్లో "కథ లేదు, సెకండాఫ్ ల్యాగ్" అని రెండున్నర రేటింగ్ పడేస్తారు, అసలు ఈ జానర్‌కి టికెట్ కొనేది కథ కోసమా అండీ? ఇద్దరు ఒకళ్ళనొకళ్ళు ఎలా కాల్చుకు తింటారో చూడ్డానికి కదా.

నేనైతే 'రా' చూస్తా. 1982లో వచ్చిన '48 అవర్స్' ఉంది, ఎడ్డీ మర్ఫీ జైల్లో ఉన్న దొంగ, నిక్ నోల్టీ వాణ్ణి కేసు కోసం బయటికి తెచ్చిన పోలీసు. ఇంగ్లీషులో ఇద్దరికీ 'యూ' ఒకటే. అదే మన తెలుగులో రాస్తే పోలీసు మొదటి సీన్ నుంచే "ఏరా" అంటాడు, దొంగ "సార్" అనక చస్తాడా. ఆ 'రా' స్టేషన్ 'రా', అందులో స్నేహం లేదు. ఆ దొంగ తిరిగి "పోరా" అన్నా పోలీసుకి కోపం రాని సీను ఒకటుండాలి, అక్కడే బడ్డీ సినిమా పుట్టినట్టు. అది రాయడం చేతకాకపోతే ఎన్ని ఫైట్లు పెట్టినా నేను పాస్ మార్కులివ్వను.

'ఈ నగరానికి ఏమైంది' (2018) లాంటివాటికి ఈ లెక్క సరిపోదు, అక్కడ నలుగురూ ముందునుంచీ దోస్తులే, 'రా' ఎప్పుడో వచ్చేసింది. వాటిల్లో తిరగేసి చూడాలి, ఎవడు ఎప్పుడు అలిగాడని. మనవాళ్ళు నిజంగా కాలితే తిట్టరు, "సరేనండీ, మీ ఇష్టమండీ" అంటారు, ఆ 'అండీ' కన్నా పెద్ద బూతు లేదు.

రిప్లై: బాగుంది సార్, మరి ఆర్ఆర్ఆర్‌లో భీమ్ రామ్‌ని "అన్నా" అనే కదా పిలుస్తాడు, అది బడ్డీ సినిమా కాదంటారా? నాటు నాటులో రామ్ కావాలనే పడిపోయి భీమ్‌ని గెలిపిస్తాడు, అంతకంటే స్నేహం ఏం కావాలి?

నా రిప్లై: యాక్షన్‌గా ఫుల్ మార్కులు, అందులో డౌటే లేదు. కానీ మీరు చెప్పిన సీనే నా వైపు సాక్ష్యం చెప్తోంది చూడండి, తమ్ముడి కోసం ఓడిపోవడం అన్న చేసే పని. దోస్తుగాడు అలా ఓడతాడా, కాలు విరిగినా గెలిచి ఏడాది పాటు ఎక్కిరిస్తాడు. అది అన్నదమ్ముల సినిమా, దాని మార్కులు దానికే వేద్దాం.