అండమాన్ వెళ్ళే ముందే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయాలా?

వడ్డేపల్లి చేప (హన్మకొండ):
సముద్రం మొహం చూడాలంటే రైలెక్కాల్సిన ఊరు మాది. అయినా నాకు ఈ స్కూబా డైవింగ్ పిచ్చి, అంటే గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదే పిచ్చి పట్టుకుంది. రెండేళ్ళ క్రితం మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలో ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు కోర్సు చేశాను. కోర్సులో నాలుగు, ఆపైన సరదాకు రెండు, మొత్తం ఆరు డైవులు. అప్పటి నుంచి నీళ్ళతో నా సంబంధం బాల్కనీలో మొక్కల వరకే. ఫిబ్రవరిలో ఐదు రోజులు అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్తున్నాము. "దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు లేకపోతే నిన్ను పడవలోనే కూర్చోబెడతారు, ముందే ఎక్కడైనా చేసుకో" అని మా బావమరిది ఒకటే పోరు. వాడికి ఈత కూడా రాదు, అది వేరే సంగతి. ముందే చేయాలంటే ఇంకో ప్రయాణం, ఇంకో వారం సెలవు. నిజంగా అవసరమా?

బొగ్గుబావి (గోదావరిఖని):
అవసరమే తమ్ముడూ. ఓపెన్ వాటర్‌తో 18 మీటర్ల లోతు వరకే దిగనిస్తారు, అడ్వాన్స్‌డ్‌తో 30. హావ్‌లాక్‌లో నా మిత్రులు డిక్సన్స్ పినకిల్ అనే లోతైన డైవ్ చోటుకు వెళ్ళిన రోజు నేను ఒడ్డున కొబ్బరి బోండాం తాగుతూ కూర్చున్నాను. ఆ బాధ నీకు వద్దు.

ఫిజిక్స్ టీచర్ (కాజీపేట):
బావమరిది మాట సగం నిజం. అడ్వాన్స్‌డ్ పూర్తి చేసినట్టు చూపే కార్డు అడుగుతారు, కానీ లోతైన చోట్లకే. నెమో రీఫ్ లాంటి లోతు తక్కువ చోట్లకు మీ కార్డు చాలు. మీకు అసలు చిక్కు ఆ రెండేళ్ళ విరామం.

నా సంగతే చెబుతాను. నలభై ఆరో ఏట నేర్చుకున్నాను. ఓపెన్ వాటర్, ఆ వెంటనే అడ్వాన్స్‌డ్, తొమ్మిది డైవులకే రెండు కార్డులూ పర్సులోకి వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత ఆ ధీమాతోనే బాలిలో తులాంబెన్ వెళ్ళాను. అక్కడ లిబర్టీ అనే ఓడ మునిగి ఉంది. 1942లో జపాన్ జలాంతర్గామి దాన్ని దెబ్బతీస్తే ఒడ్డుకు చేర్చారట. 1963లో అగ్నిపర్వతం పేలి మళ్ళీ నీళ్ళలోకి నెట్టింది. 27 మీటర్ల దగ్గర కాళ్ళకు తొడిగిన నా ఎర్ర ఫిన్లు బూడిద రంగుకు తిరిగాయి. వాటిని చూసి మురిసిపోతూ సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజీ సంగతే మరిచాను. దిగేటప్పుడు 200 బార్ (గాలి పీడనం కొలత) ఉన్నది పదిహేనో నిమిషానికి 70. ఆ అంకె కనిపించింది కానీ, దాని అర్థం బుర్రకెక్కడానికి కొన్ని క్షణాలు పట్టింది. లోతులో గాలిలోని నైట్రోజన్ ఎక్కించే మత్తు అంటే అదే. పది మీటర్లకొక వాతావరణ పీడనం పెరుగుతుందని, 30 మీటర్ల దగ్గర పీల్చే ప్రతి ఊపిరికీ నాలుగింతల గాలి ఖర్చవుతుందని ఏటా బోర్డు మీద రాసేది నేనే! డైవ్ మాస్టర్ నా మోచెయ్యి పట్టుకుని, తన దగ్గరున్న రెండో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చే సాధనం) నోటికందించి, మెల్లగా పైకి తీసుకొచ్చాడు. కార్డు పర్సులోనే ఉంది, పర్సు హోటల్లో ఉంది.

అందుకని ముందుగా ఎక్కడికీ పరుగెత్తకండి. హావ్‌లాక్‌లోనే చేయండి. అడ్వాన్స్‌డ్ అంటే ఐదు డైవులు. లోతు, దిక్సూచితో దారి చూసుకోవడం తప్పనిసరి, మిగిలిన మూడూ మీ ఇష్టం. పరీక్ష రాసే పని లేదు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, ఎలాగూ మీరు చేసే డైవులే కోర్సు కూడా అవుతాయి. ఆ మూడింట్లో ఒకటి తేలుబడి మీద తీసుకోండి, నా మాట విని. ఊపిరితోనే ఒంటిని ఒకే మట్టంలో నిలపడం వస్తే గాలి ఖర్చు దానంతటదే తగ్గుతుంది. మొదటి రోజు మాత్రం లోతు తక్కువ చోట పాత పాఠాలు మళ్ళీ చేయించమని అడగండి. మాస్కులోకి నీళ్ళు వస్తే ఎలా తీసేయాలో మీకిప్పుడు గుర్తుందా?

గూడెం నీలం (మంచిర్యాల):
టీచరక్కా, ఒక మాట కలుపుతాను. బీమా కాగితం చదవమనండి. సర్టిఫికెట్ లోతు దాటి దిగితే డబ్బు ఇవ్వని పాలసీలు ఉంటాయి. పేర్లతో కూడా జాగ్రత్త. డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల్లో ప్యాడీ వారి అడ్వాన్స్‌డ్ ఐదు డైవులదే. ఎస్ఎస్ఐ అనే మరో సంస్థలో ఆ ఐదు డైవులదాన్ని అడ్వాన్స్‌డ్ అడ్వెంచరర్ అంటారు, అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అనే మాటకు వాళ్ళ దగ్గర 24 డైవులు కావాలి. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలు వదలాలి, టికెట్ కొనే ముందే లెక్క చూసుకోండి.

వడ్డేపల్లి చేప (హన్మకొండ):
టీచర్ గారూ, మాస్కు సంగతి అడిగారు. ముక్కుతో గట్టిగా గాలి వదలాలి, తల పైకెత్తాలా దించాలా అన్నది గుర్తు రాలేదు. లాగ్ బుక్ బీరువాలో పెళ్ళి ఆల్బం కింద దొరికింది. ఆరో డైవ్ దగ్గర "29 నిమిషాలు, 40 బార్" అని నా చేతిరాతే ఉంది. కనీసం 50తో పైకి రమ్మన్నారు, అదీ గుర్తొచ్చింది. కోర్సు హావ్‌లాక్‌లోనే, మొదటి రోజు పాత పాఠాలకే అని అక్కడి డైవ్ సెంటర్‌కు ఇప్పుడే రాశాను. తిరుగు విమానం ఒక రోజు వెనక్కి జరపాలి. ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.