వికెట్ పేజీలో సర్వీస్ నల్ వస్తోంది, ఎక్కడ తప్పుతున్నాను?

ప్రశ్న:
మూడు రోజులుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను. అపాచీ వికెట్ 9 (జావాలో వెబ్ పేజీలు రాసే ఫ్రేమ్‌వర్క్), స్ప్రింగ్ 5 (సర్వీసుల్లాంటి ఆబ్జెక్టులను తయారుచేసి అందించే ఫ్రేమ్‌వర్క్). ఆర్డర్ల పేజీలో మొదట @ఆటోవైర్డ్ (ఈ ఫీల్డ్ నింపమని స్ప్రింగ్‌కు చెప్పే గుర్తు) పెడితే సర్వీస్ నల్, అంటే ఖాళీగా వచ్చింది. పేజీని తయారుచేసేది వికెట్, స్ప్రింగ్ కాదు అని అప్పుడు అర్థమైంది. సరేనని కన్‌స్ట్రక్టర్‌లోనే స్ప్రింగ్ కాంటెక్స్ట్ నుంచి బీన్ (స్ప్రింగ్ తయారుచేసిన ఆబ్జెక్టు) తెచ్చి ఫీల్డ్‌లో పెట్టాను. పేజీ తెరుచుకుంది కానీ లాగ్ నిండా నాట్‌సీరియలైజబుల్ ఎక్సెప్షన్లు (పేజీని దాచడానికి ఆ ఆబ్జెక్టును బైట్లుగా మార్చలేమనే ఎర్రర్లు), సరిగ్గా ఆ ఫీల్డ్ పక్కనే బాణం గుర్తు. ఇప్పుడు @స్ప్రింగ్‌బీన్ (స్ప్రింగ్ బీన్‌ను ఫీల్డ్‌లో పెట్టమని వికెట్‌కు చెప్పే గుర్తు) పెట్టాను, మళ్ళీ నల్! అప్లికేషన్ క్లాసు ఇనిట్‌లో ఆ పని చేసే స్ప్రింగ్‌కాంపొనెంట్‌ఇంజెక్టర్ చేర్చాను కూడా. ఫీల్డ్ ఇలా ఉంది:

@స్ప్రింగ్‌బీన్
ప్రైవేట్ ఆర్డర్‌సర్వీస్ సర్వీస్ = నల్;

శుక్రవారం డెమో ఉందండీ, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
@ఆటోవైర్డ్‌తో స్ప్రింగ్‌బీన్ కలిసిపోయిందేమో. ఇంతకుముందులాగే బీన్ తెచ్చుకుని ఫీల్డ్‌ను ట్రాన్సియెంట్ (సీరియలైజ్ చేసేటప్పుడు వదిలేసే ఫీల్డ్) చేయండి, సీరియలైజేషన్ గొడవ పోతుంది.

జవాబు 2:
ట్రాన్సియెంట్ వద్దండి. పేజీని డిస్క్ నుంచి మళ్ళీ చదివినప్పుడు ఆ ఫీల్డ్ ఖాళీగా వస్తుంది. యూజర్ బ్యాక్ బటన్ నొక్కాక పేలుతుంది, అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం.

మీ తప్పు చివరి రెండు ముక్కల్లో ఉంది: "= నల్". జావాలో ముందు తల్లి క్లాసు కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది. వికెట్ ఇంజెక్షన్ (ఫీల్డ్‌లో బీన్ పెట్టడం) జరిగేది అక్కడే, కాంపొనెంట్ కన్‌స్ట్రక్టర్‌లో. ఆ తర్వాతే మీ క్లాసు ఫీల్డులకు విలువలు పడతాయి. అంటే వికెట్ పెట్టిన ప్రాక్సీని (అసలు బీన్‌కు బదులు నిలబడే ఆబ్జెక్టును) మీ నల్ వచ్చి తుడిచేస్తోంది. వట్టి "ప్రైవేట్ ఆర్డర్‌సర్వీస్ సర్వీస్;" అని రాయండి, కన్‌స్ట్రక్టర్ మొదటి లైన్లోనే వాడుకోవచ్చు.

ఆ ప్రాక్సీ సీరియలైజ్ అవుతుంది కూడా. అసలు బీన్‌ను మోయదు, ఏ బీన్ కావాలో గుర్తుపెట్టుకుని అవసరమైనప్పుడు మళ్ళీ వెతుక్కుంటుంది.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతాను. ఆర్డర్ల లిస్టు కోసం లోడబుల్‌డిటాచబుల్‌మోడల్ (అవసరమైనప్పుడు డేటా తెచ్చి, తర్వాత వదిలేసే వికెట్ మోడల్) విడి క్లాసుగా రాసుంటే అందులో @స్ప్రింగ్‌బీన్ దానంతట అది పనిచేయదు, ఎందుకంటే మోడల్ కాంపొనెంట్ కాదు. దాని కన్‌స్ట్రక్టర్‌లో ఇంజెక్టర్.గెట్().ఇంజెక్ట్(దిస్) అని మీరే పిలవాలి. నేను ఇక్కడే ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

అడిగినవారు:
పనిచేసిందండీ! "= నల్" తీయగానే ఆర్డర్లన్నీ వచ్చాయి, బ్యాక్ బటన్ నొక్కి చూశాను, లాగ్ శుభ్రంగా ఉంది. ఇద్దరికీ చాలా థాంక్స్. ప్రాజెక్టంతా వెతికితే అదే "= నల్" ఇంకో నాలుగు ప్యానెళ్ళలో దొరికింది, అవీ తీసేశాను. మోడల్ క్లాసు ఈ రాత్రికి మారుస్తాను.